లెదర్ ముడుచుకుంది, జీనియా కరుగుతోంది: కాలువలు కట్టేసిన దగ్గర్నుంచీ సాఫ్ట్ కోరల్స్‌కి ఇబ్బంది

అమలాపురం అల

అందరికీ నమస్కారమండి. ఇక్కడి పోస్టులు చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. మా ఇంట్లో 200 లీటర్ల రీఫ్ ట్యాంకు (ఉప్పునీళ్లలో పగడాలు పెంచే అక్వేరియం) ఉంది. పెట్టి ఏడాది దాటింది. కింద చిన్న సంపు (ట్యాంకు నీళ్లు దిగి తిరిగే తొట్టి), అందులో స్కిమ్మర్ (గాలి బుడగలతో మురికి లాగే పరికరం). కోరల్స్ అన్నీ సాఫ్టే, అంటే రాయి కట్టని మెత్తటి పగడాలే: అరచెయ్యంత టోడ్‌స్టూల్ లెదర్, దాని పక్కన ఫింగర్ లెదర్, ఒక జీనియా గుత్తి, ఓ రాయంతా పరుచుకున్న గ్రీన్ స్టార్ పాలిప్స్, కొన్ని జోవాలు, మష్రూమ్‌లు. చేపలు రెండు క్లౌన్లు, ఒక గోబీ.

ఇప్పుడు ఇబ్బంది ఏమిటంటే, టోడ్‌స్టూల్ వారం పైనుంచి తెరుచుకోవట్లేదు. పాలిప్స్ (ఒంటిమీద పువ్వుల్లా తెరుచుకునే చిన్న చేతులు) అన్నీ లోపలికి పోయాయి, పైభాగం మైనం పూసినట్టు మెరుస్తోంది. జీనియా చేతులు ఆడించడం మానేసింది, రెండు కొమ్మలు జారిపోయి నీళ్లలో కలిసిపోయాయి. అద్దం మీద, ఇసుక మీద గోధుమరంగు పొర ఎన్నిసార్లు తుడిచినా మళ్లీ వస్తోంది. గ్రీన్ స్టార్, మష్రూమ్‌లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

కాలువలకి నీళ్లు ఆపి కట్టేసిన తర్వాతే ఇదంతా మొదలైంది. నీళ్లు మా వీధి చివర వాటర్ ప్లాంటు నుంచి టిన్నుల్లో తెచ్చుకుంటాం. సగం నీళ్లు మార్చేయమని ఒకరు, ఏదో మందు వెయ్యమని ఒకరు చెబుతున్నారు. మొత్తం పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

నాచురాయి (రాజమండ్రి)

సగం నీళ్లు మార్చకండి. మందు అసలే వద్దు. ఇవాళ మీరు చెయ్యగలిగిన పెద్ద మేలు ఏమీ చెయ్యకపోవడమే.

ముందు ఇవి చెప్పండి. పొద్దున్న ఎంత వేడి, మధ్యాహ్నం మూడింటికి ఎంత? ఉప్పు ఎంత, దేంతో కొలుస్తున్నారు? ఆ టిన్ను నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) ఎంత? యాక్టివేటెడ్ కార్బన్ (నీళ్లలో కరిగిన మలినాలు పీల్చే బొగ్గు) వాడుతున్నారా? టోడ్‌స్టూల్ కాడ దగ్గర నల్లబడిందా, వాసన వస్తోందా?

అమలాపురం అల

కాడ గట్టిగానే ఉందండి, నల్లబడలేదు, వాసన లేదు. రిఫ్రాక్టోమీటర్‌లో ఉప్పు 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్లు) చూపిస్తోంది. పొద్దున్న 27 డిగ్రీలు, మధ్యాహ్నం కరెంటు పోయిన రోజు 31 దాకా వెళ్తోంది. కార్బన్ వాడట్లేదు. టీడీఎస్ మీటరు పక్కింటి వాళ్ల దగ్గర తెచ్చి ఇప్పుడే పెట్టాను: 170. చలికాలంలో ఇదే ప్లాంటు నీళ్లు 40 దాటేవి కావు.

మా బావగారికి చెరువులున్నాయి. ఆయన తీసుకెళ్లే ల్యాబులోనే ట్యాంకు నీళ్లు కూడా ఇచ్చాం. ఆల్కలినిటీ 145, అమ్మోనియా లేదు, నైట్రైట్ లేదు, పీహెచ్ 8.1 అని రాసిచ్చారు. ఆల్కలినిటీ 145 అంటే భయం వేసింది. ఎక్కడ చదివినా 8, 9 ఉండాలనే రాశారు.

కాకినాడ కెరటం

అమ్మా, మీరు చెప్పింది చదివితే నాకు ఒక జబ్బు కాదు, మూడు వేర్వేరు సంగతులు కనబడుతున్నాయి. మూడూ ఒకే వారంలో వచ్చేసరికి కలిపి చూసి భయపడుతున్నారు.

మొదటిది టోడ్‌స్టూల్. అది జబ్బుపడలేదు, పొర వదులుతోంది. సార్కోఫైటాన్ జాతి లెదర్లు అప్పుడప్పుడూ పాలిప్స్ అన్నీ లోపలికి లాక్కుని, ఒంటిమీద సన్నటి పొర కట్టుకుంటాయి. ఒంటిమీద పేరుకున్న నాచు, దుమ్ము, మురికి అంతా ఆ పొరతోపాటు ఊడి పోతుంది. నాలుగైదు రోజుల్లో అయిపోవచ్చు, రెండు వారాలు కూడా పట్టొచ్చు. దగ్గరికెళ్లి టార్చి వేసి పక్కనుంచి చూడండి. అంచున ఉల్లిపొర లాంటిది లేచి నీటి ఊపుకి కదులుతూ ఉంటుంది. అది కనబడితే ఇక బెంగ అక్కర్లేదు. కాడ మెత్తబడి, గోధుమరంగు జిగురు కారి, కుళ్లు వాసన వస్తేనే కంగారు పడాలి. మీరు గట్టిగా ఉందన్నారు కాబట్టి అది కాదు.

అక్కడ మీరు చెయ్యాల్సింది ఒక్కటే. వేవ్‌మేకర్‌ని (ట్యాంకులో నీటిని కదిపే చిన్న పంపుని) కొంచెం తిప్పి ఆ పొర ఊడిపోయేలా నీటి ఊపు తగిలించండి. తిన్నగా ముఖం మీద కొట్టకూడదు, అద్దానికి తగిలి మళ్లొచ్చిన ఊపు చాలు. చేత్తో గీకకండి.

రెండోది, టోడ్‌స్టూల్ పక్కనే ఫింగర్ లెదర్ ఉందన్నారు. సాఫ్ట్ కోరల్స్‌కి గట్టి పగడాల్లా పొడవాటి కుట్టే చేతులుండవు. వాటి పోట్లాటంతా రసాయనాలతోనే. టెర్పీన్ల జాతి పదార్థాలు నీళ్లలోకి వదులుతాయి. సముద్రంలో అయితే కొట్టుకుపోతాయి, 200 లీటర్లలో ఎక్కడికి పోతాయి? లెదర్లు రెండు రకాలున్న ఏ ట్యాంకులోనైనా కార్బన్ ఉండి తీరాలి. ఒక చిన్న సంచిలో వేసి సంపులో నీరు బలంగా పారేచోట పెట్టండి. ముందు ఆర్వో నీటితో కడిగి మసి వదిలించండి. మూడు నాలుగు వారాలకోసారి మార్చండి. రెండు లెదర్ల మధ్య జానెడు ఎడం ఉండేలా జరపండి.

మూడోది జీనియా. దాని సంగతి వేడి గురించి తెలిసినవాళ్లు చెబుతారు.

తణుకు ట్యాంకు

అయోడిన్ వేస్తే జీనియా మళ్లీ ఆడుతుందని నేను కొన్న షాపులో చెప్పారండి. ఒక చుక్క వేసి చూడకూడదా?

ఉప్పుటేరు (భీమవరం)

తణుకు తమ్ముడూ, అయోడిన్ కొలవకుండా వెయ్యకూడదు. కొలిచే కిట్టు మనలో చాలామంది దగ్గర ఉండదు. మంచి సాల్టు మిక్స్‌లో (సముద్రపు నీళ్లు చేసుకోవడానికి కలిపే రీఫ్ సాల్టులో) కావలసిన అయోడిన్ ఉండనే ఉంటుంది. వారానికి 10 శాతం నీళ్లు మారిస్తే అదే అందుతుంది.

అల గారూ, ల్యాబు రిపోర్టు గురించి నేను చెప్తాను, నా పనే అది. మన ఆక్వా ల్యాబుల్లో ఆల్కలినిటీని కాల్షియం కార్బొనేట్ లెక్కలో పీపీఎంగా రాస్తారు. రీఫ్ వాళ్లు డీకేహెచ్ అనే వేరే కొలతలో మాట్లాడతారు. పీపీఎంని 17.86తో భాగించాలి. 145ని భాగిస్తే 8.1. అంటే మీ ఆల్కలినిటీ సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. ఆ అంకె చూసి ఎవరైనా తగ్గించమంటే వినకండి. సాఫ్ట్ కోరల్స్ ఒంట్లో స్క్లెరైట్లనే సన్నటి సున్నపు పుల్లలు మాత్రమే ఉంటాయి గానీ గట్టి పగడంలా రాయి కట్టవు. అందుకే వాటికి ఆల్కలినిటీ, కాల్షియం ఖర్చు చాలా తక్కువ. రోజూ డోసింగ్ అవసరం లేదు.

ఇంకో తేడా. ల్యాబులో చూసింది నైట్రైట్. మనకి కావలసింది నైట్రేట్. చెరువు రైతుకి నైట్రైట్ ముఖ్యం, అది రొయ్యని చంపుతుంది. ఏడాది దాటిన ట్యాంకులో నైట్రైట్ ఎలాగూ సున్నాయే వస్తుంది. సాఫ్ట్ కోరల్స్ ట్యాంకులో నైట్రేట్ 5 నుంచి 15 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 ఉంటే బాగుంటుంది. రెండూ సున్నాకి తెచ్చేసి నీళ్లు తళతళలాడుతున్నాయని సంతోషపడితే జీనియా, మష్రూమ్‌లు పాలిపోయి చిన్నబోతాయి. వీటికి కాస్త తిండి ఉన్న నీళ్లే ఇష్టం. ఉప్పునీటికి పనికొచ్చే నైట్రేట్ కిట్టు వేరే కొనుక్కోండి.

అలాగే హార్డ్‌నెస్ అని ఇచ్చే అంకెతో కాల్షియం ఎంతో తేలదు. అందులో కాల్షియం, మెగ్నీషియం కలిసి ఉంటాయి. విడివిడిగా రాసిమ్మని అడిగితే చాలా ల్యాబుల్లో ఇస్తారు. కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1250 నుంచి 1350 మధ్య ఉంటే చాలు.

ఇప్పుడు అసలు భయం చెప్తాను. మీ బావగారి చెరువు సామాన్లు, మీ ట్యాంకు సామాన్లు ఒక్కచోట పెట్టకండి. మైలుతుత్తం కలిపిన బకెట్టుని కడిగి ట్యాంకు నీళ్లకి వాడితే చాలు, రాగి అంటుకుని ఉంటుంది. చేపకి మందుగా వేసే మోతాదు రాగి కూడా పగడానికీ నత్తకీ రొయ్యకీ విషమే. బీకేసీ (చెరువుల్లో వాడే క్రిమిసంహారక మందు) డబ్బా ఆ గదిలోకే రానివ్వద్దు. చెరువుకి చల్లే మినరల్ మిక్స్ కూడా రీఫ్ సాల్టు కాదు. రంగు వేరే బకెట్లు రెండు కొని ట్యాంకుకే ఉంచండి.

అమలాపురం అల

అమ్మయ్య, 145 గురించి బెంగ తీరింది. లెదర్ అంచున నిజంగానే సన్నటి పొర లేచి ఆడుతోంది, ఇప్పుడే టార్చి వేసి చూశాను. కార్బన్ రేపు తెప్పిస్తాను.

టీడీఎస్ 170 సంగతి ఎవరూ చెప్పలేదండి. ఆవిరైన నీళ్ల బదులు రోజూ అవే పోస్తున్నాను. ఉప్పు పెరిగిపోతోందా?

నాచురాయి

ఉప్పు పెరగదు. లెక్క వేసి చూపిస్తాను. ఫ్యాను పెట్టిన 200 లీటర్ల ట్యాంకులో ఎండాకాలం రోజుకి 4 లీటర్లు ఆవిరైనా నెలకి 120 లీటర్లు. లీటరుకి 170 మిల్లీగ్రాముల చొప్పున నెలకి 20 గ్రాములు. మీ ట్యాంకులో ఉన్న ఉప్పు దాదాపు 7 కిలోలు. కాబట్టి రిఫ్రాక్టోమీటర్‌లో ఆ తేడా కనబడనే కనబడదు.

ఆ 20 గ్రాముల్లో ఏముందన్నదే ప్రశ్న. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచీ డెల్టాలో బతుకంతా కాలువతోనే. కాలువ పారినన్నాళ్లూ ప్లాంటుకి మంచి నీళ్లే వస్తాయి. కాలువ కట్టేశాక కొన్ని ఊళ్లలో మంచినీళ్ల చెరువు నిల్వ, కొన్నిచోట్ల బోరు. కోనసీమలో సముద్రం వైపు బోరంటే ఉప్పదనం తెలిసిందే. ఆర్వో పొర (మెంబ్రేన్) మంచి స్థితిలో ఉంటే వచ్చిన దాంట్లో 95 శాతం ఆపుతుంది. 1600 వస్తే 80 దిగుతుంది. పొర పాతబడినా, రుచి కోసం పచ్చి నీళ్లు కొంచెం కలిపినా 170 అవుతుంది. తాగడానికి అది మంచిదే. ప్లాంటు వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లు మనుషుల కోసం చేస్తున్నారు.

కానీ అందులో సిలికేట్ ఉంటుంది. మీ అద్దం మీద గోధుమరంగు పొర డయాటమ్స్ అనే సూక్ష్మ నాచు అయ్యుంటుంది, వాటికి సిలికేట్ కావాలి. పొలాల చుట్టుపక్కల బోరైతే నైట్రేట్, ఫాస్ఫేట్ కూడా ఉండొచ్చు. నిల్వ ఉంచిన చెరువు నీళ్లలో క్లోరిన్ ఎక్కువ వెయ్యడం మామూలే.

కాబట్టి ప్లాంటు నీళ్లు మానక్కర్లేదు. వాటిని డీఐ రెసిన్ (మిగిలిన లవణాలని పట్టేసే పూసలు) గొట్టంలోంచి పంపండి. రంగు మారే రెసిన్ దొరుకుతుంది, అరిగేకొద్దీ కింద నుంచి రంగు మారుతూ పైకి వస్తుంది. బయటికొచ్చే నీళ్లు 0 చూపించాలి. 170 నీళ్లతో రెసిన్ తొందరగా అయిపోతుంది, అందుకే వీలైతే సొంతంగా చిన్న ఆర్వో డీఐ పెట్టుకోవడం మేలు. ఇంట్లో తాగే ఆర్వో ఉంటే, అందులో మినరల్ కాట్రిడ్జి తర్వాత నీళ్లు కాకుండా పొర దగ్గరే ఒక పైపు లాగించుకోండి. మెకానిక్‌కి పది నిమిషాల పని. మళ్లీ కాలువ వదిలిన కొత్తలో బురదనీళ్లు వస్తాయి, ఆ రెండు వారాలు సెడిమెంట్ ఫిల్టర్ చూసుకుంటూ ఉండాలి.

ఒక్క మాట రిఫ్రాక్టోమీటర్ మీద కూడా. దాన్ని ఏ నీళ్లతో సున్నా చేస్తున్నారు? 170 నీళ్లయినా ఫర్వాలేదు గానీ, అసలు సున్నా దగ్గర సరిచేస్తే చాలదు. రొయ్యల చెరువుల సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరికేవాటిలో చాలా వరకు మామూలు ఉప్పు ద్రావణం కొలవడానికి గీతలు గీసినవి. 35 పీపీటీ సముద్రపు నీరు దాంట్లో 36.5 చూపిస్తుంది. అంటే మీకు 35 కనబడితే లోపల 33.5 ఉండొచ్చు. 35 పీపీటీ ద్రావణం చిన్న సీసా కొని దాంతో సరిచేసుకోండి. ఒకవేళ తేడా ఉందని తేలితే ఒక్కరోజులో సరిచెయ్యొద్దు. వారం మీద నెమ్మదిగా ఎక్కించండి.

పేరుపాలెం గాలి

మాకు సముద్రం కూతవేటు దూరం. సాల్టు బకెట్టు ధర చూస్తే గుండె గుభేలుమంటోంది. పడవ వాళ్లని అడిగి లోపల్నుంచి నీళ్లు తెప్పించుకుంటే సరిపోదా అన్నా?

కాకినాడ కెరటం

బాబూ, ఆ ఆలోచన అందరికీ వస్తుంది. మన తీరంలో పగడపు దిబ్బలు ఎందుకు లేవో ఆలోచించు. మన్నార్ సింధుశాఖలో ఉన్నాయి, కచ్ సింధుశాఖలో ఉన్నాయి, అండమాన్‌లో, లక్షద్వీప్‌లో ఉన్నాయి. ఇక్కడ గోదావరి వరద రోజుల్లో అంతర్వేది నుంచి యానాం దాకా తీరమంతా ఎర్రబడి, ఉప్పు తగ్గిపోతుంది. ఒండ్రు పేరుకునేచోట పగడం ఊపిరాడక చస్తుంది. పైగా ఉప్పుటేళ్ల గుండా చెరువుల నీళ్లు దిగేది కూడా అక్కడికే. ఏ రోజు ఏ మందు కలిసిందో తెలియదు. ఎండాకాలం బాగా లోపలికెళ్లి తెచ్చినా, జూలైలో తెచ్చింది దానికి పోలిక ఉండదు. సాఫ్ట్ కోరల్స్‌కి మంచి నీళ్లకంటే మారని నీళ్లు ముఖ్యం.

కల్లుప్పు గురించి కూడా అడుగుతారు, ముందే చెప్తాను. అందులో ఉండేది దాదాపు సోడియం క్లోరైడే. మెగ్నీషియం, కాల్షియం, బైకార్బొనేట్ సరైన పాళ్లలో ఉండవు. రీఫ్ సాల్టే వాడాలి. సాఫ్ట్ కోరల్స్‌కి ఖరీదైన రకం అక్కర్లేదు, మామూలు రకం చాలు. అక్కడ డబ్బు మిగుల్చుకోవచ్చు.

లంకతోట (రావులపాలెం)

జీనియా గురించి రాస్తాను. ఇప్పటిదాకా ఎవరూ వేడి మీద పెద్దగా మాట్లాడలేదు. డెల్టాలో సాఫ్ట్ కోరల్స్‌ని ఎక్కువగా తినేసేది వేడే అని నా గట్టి నమ్మకం.

27 నుంచి 31కి, మళ్లీ రాత్రికి 27కి. ఇదీ జీనియాని కరిగించింది. పగడం ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచే దానికి అన్నం వండిపెడుతుంది. నీరు వేడెక్కితే ఆ నాచుతో చెలిమి చెడుతుంది, పగడం దాన్ని బయటికి తోసేస్తుంది, తెల్లబడుతుంది. మష్రూమ్, గ్రీన్ స్టార్ మొండివి, ఓర్చుకుంటాయి. జీనియా ఓర్చుకోదు, ఒకరోజు బాగుండి మర్నాటికి జారిపోతుంది. దానికితోడు నీరు వేడెక్కేకొద్దీ ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది, సరిగ్గా అప్పుడే కరెంటు పోయి పంపు ఆగుతుంది.

ట్యాంకు మీద ఫ్యాను పెట్టుకుంటే చాలని ఎక్కడెక్కడి వాళ్లో చెబుతారు. పొడి గాలి ఉన్న ఊళ్లలో నిజమే. మన ఉక్కలో ఆవిరి సరిగ్గా లేవదు. రోహిణి కార్తెలో మా ఇంట్లో ఫ్యానుతో రెండు డిగ్రీలు కూడా దిగదు. చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) ఉంటే మంచిది, కానీ దాని వేడి గాలి అదే గదిలోకి వదిలితే గది కాలిపోతుంది, చిల్లర్ ఆగకుండా తిరుగుతుంది. వెనకభాగం కిటికీ వైపో వరండా వైపో ఉండాలి. చిల్లర్ కొనలేని వాళ్లు లైట్లని సాయంత్రానికి మార్చండి: మధ్యాహ్నం 3కి వెలిగి రాత్రి 11కి ఆరేలా. మధ్యాహ్నపు ఎండ, లైటు వేడి ఒకేసారి మీద పడవు. సంపుని కింద పెట్టెలో మూసి ఉంచకండి, తలుపు తీసి పెట్టండి. కరెంటు లేనప్పుడు ఆర్వో నీళ్లు గడ్డకట్టించిన అరలీటరు సీసా మూత బిగించి సంపులో వదలండి. ఒకేసారి నాలుగు సీసాలు వెయ్యకండి, వేడి ఎంత చెడ్డదో హఠాత్తుగా చల్లబరచడమూ అంతే. 28 దగ్గర నిలకడగా ఉన్నా బతుకుతాయి. రోజూ నాలుగు డిగ్రీలు ఊగితేనే బతకవు.

కాకినాడ కెరటం

లంకతోట గారి మాటతో ఒకచోట నేను విభేదిస్తాను. 28 నిలకడ అంటే వేసవికి సర్దుకోవడమే గానీ లక్ష్యంగా పెట్టుకోకూడదు. 25, 26 మధ్య ఉంటే ఎప్పుడైనా నాలుగు గంటలు కరెంటు పోయినా 28 దగ్గర ఆగుతుంది. 28 దగ్గర మొదలుపెడితే అదే నాలుగు గంటలకి 30 దాటుతుంది.

లంకతోట

మరేనండి, ఖర్చు పెట్టుకోగలిగితే అదే మంచిది. బిల్లు చూసుకుని నేను 27 దగ్గర ఉంచుతున్నాను.

అమలాపురం అల

అందరికీ ధన్యవాదాలండి. ఎలా ఉందో చెప్పాలి కదా.

కార్బన్ పెట్టాం. ఫింగర్ లెదర్‌ని రాయితో సహా అవతలి మూలకి జరిపాం. లైట్లు సాయంత్రానికి మార్చాం. డీఐ గొట్టం వచ్చింది, నీళ్లు 0 చూపిస్తున్నాయి. రిఫ్రాక్టోమీటర్ మీరన్నట్టే ఒకటిన్నర ఎక్కువ చూపిస్తోంది, రోజూ ఆవిరి నీళ్లలో కొంచెం కొంచెం ఉప్పునీళ్లు కలిపి పైకి తెస్తున్నాం.

టోడ్‌స్టూల్ పొర నిన్న ఊడి సంపులోకి వచ్చింది, పారదర్శకంగా, మా పాప అరచెయ్యంత ఉంది. ఈ ఉదయం నడిమధ్యలో ఒక రూపాయి బిళ్లంత మేర పాలిప్స్ లేచాయి, అంచులు ఇంకా ముడుచుకునే ఉన్నాయి. జీనియాలో సగం పోయింది. మిగిలిన మూడు కొమ్మలు మెల్లగా మూసి తెరుస్తున్నాయి. గోధుమ పొర ఇంకా వస్తోంది గానీ పల్చబడింది.

నాచురాయి

చాలా సంతోషం. అంచులు తెరుచుకోవడానికి ఇంకో వారం పట్టొచ్చు, తొందరపడి మళ్లీ జరపకండి. గోధుమ పొర రాళ్లలో పేరుకున్న సిలికేట్ అయిపోయేదాకా ఉంటుంది.

తణుకు ట్యాంకు

అల గారి టోడ్‌స్టూల్ పూర్తిగా కోలుకున్నాక ముక్క చేసి ఇస్తారా? ఎలా కోస్తారో కూడా ఎవరైనా చెప్పండి. పగడాలు ఇంట్లో ఉంచుకోవడం చట్టప్రకారం తప్పని మా అన్నయ్య అంటున్నాడు, అది నిజమేనా?

నాచురాయి

చట్టం సంగతి ముందు. గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్, సీ ఫ్యాన్లు వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. మన సముద్రంలోంచి వాటిని తియ్యడం, అమ్మడం, కొనడం నేరం. పగడపు రాయి అంటే గట్టి పగడం అస్థిపంజరమే కాబట్టి సముద్రంలోంచి తీసిన లైవ్ రాక్ జోలికీ పోవద్దు. పింగాణీ రాయి మీద బాక్టీరియా పెంచుకుంటే కొన్ని నెలల్లో అదే లైవ్ రాక్ అవుతుంది. మనం మాట్లాడుతున్న లెదర్లు, జీనియా, మష్రూమ్‌లు ఆ జాబితాలోని పేర్లలో లేవు. అయినా సముద్రంలోంచి పీకినవి కాకుండా ట్యాంకులో పెంచిన ముక్కలే తీసుకోండి. బిల్లు అడిగి దాచుకోండి. ఇంట్లో పెరిగిన ముక్క ఒకరి నుంచి ఒకరికి వెళ్తే సముద్రంలో ఒక పగడం మిగిలినట్టే, నాకు ఈ అలవాటులో నచ్చిందే అది.

కొయ్యడం తేలిక. కానీ ఒత్తిడిలో ఉన్నదాన్ని కొయ్యకూడదు, కనీసం నెల రోజులు పూర్తిగా తెరుచుకుని ఉండాలి. కొత్త బ్లేడుతో గొడుగు అంచున ఒక ముక్క ఒక్క వేటున తెగాలి, రంపంలా కొయ్యకూడదు. వేరే గిన్నెలో ట్యాంకు నీళ్లు పోసి అందులో కొయ్యండి, తెల్లటి జిగురు చాలా వదులుతుంది. ఆ నీళ్లు పారబోయండి, తిరిగి ట్యాంకులో పొయ్యొద్దు. లెదర్‌కి సూపర్ గ్లూ పట్టదు, జిగురు మీంచి జారిపోతుంది. ముక్కని చిన్న రాయి మీద పెట్టి పైన పెళ్లికూతురి మేలిముసుగు లాంటి సన్నటి వలగుడ్డ కట్టి, నీటి ఊపు తక్కువ ఉన్నచోట ఉంచితే రెండు మూడు వారాల్లో పట్టుకుంటుంది. కార్బన్ ఆరోజే కొత్తది వెయ్యండి.

జోవాలతో మాత్రం జాగ్రత్త, ఇది అందరూ చదవాలి. జోవాల్లో, ముఖ్యంగా పాలితోవాల్లో పాలిటాక్సిన్ అనే చాలా బలమైన విషం ఉండొచ్చు. కోసేటప్పుడు చేతికి గ్లౌజులు, కళ్లకి అద్దాలు ఉండాల్సిందే. చేతిమీద గాయం ఉంటే ఆ పని పెట్టుకోకండి. జోవాలున్న రాయిని శుభ్రం చేద్దామని ఎప్పుడూ ఉడకబెట్టకండి, వేడినీళ్లు పొయ్యకండి. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు వేరే దేశాల్లో జరిగాయి. పిల్లలకి అందకుండా చూసుకోండి.

కొత్త ముక్క వస్తే తణుకు తమ్ముడూ, నేరుగా ట్యాంకులో వెయ్యకు. కోరల్ డిప్‌లో (పురుగులు వదిలించే మందునీళ్లలో) ముంచి, అడుగున తెల్లటి గుడ్లు, చిన్న నత్తలు, చదునైన పురుగులు ఉన్నాయేమో చూడు. ఆ తర్వాత కింద నీడలో పెట్టి, రెండు మూడు వారాలు తీసుకుని పైకి జరుపు. ఎక్కువ వెలుతురు ఒక్కసారిగా పడితే మష్రూమ్‌లు ముడుచుకుపోతాయి.

పేరుపాలెం గాలి

కరెంటు నాలుగు గంటలు పోతే సీసాలతో సరిపెట్టుకోవచ్చు. తుపాను వస్తే? 1996 నవంబరు తుపాను గురించి మా నాన్న ఇప్పటికీ చెబుతారు, కోనసీమలో రోజుల తరబడి కరెంటు లేదట. అప్పుడు ట్యాంకుకి ఏం చెయ్యాలి?

ఉప్పుటేరు

అప్పుడు లైటు మరిచిపో, చిల్లర్ మరిచిపో. నీరు కదలడం ఒక్కటే చూసుకోవాలి. సాఫ్ట్ కోరల్స్ రెండు మూడు రోజులు చీకట్లో ఉన్నా తట్టుకుంటాయి. నీరు కదలకపోతే కొన్ని గంటల్లోనే చేపలు తేలతాయి, వాటి వెనకే పగడాలు.

ఇంటి ఇన్వర్టరు చాలు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. పూర్తిగా ఖాళీ చెయ్యకూడదు, మధ్యలో నష్టం ఉంటుంది, కాబట్టి 1200 అనుకుందాం. 10 వాట్ల వేవ్‌మేకర్ ఒక్కటే తిప్పితే ఐదు రోజుల పాటు వస్తుంది. రిటర్న్ పంపు (సంపు నుంచి నీళ్లు పైకి ఎక్కించేది) 25 వాట్లు కలిపితే రోజున్నర. కాబట్టి రిటర్న్ ఆపి వేవ్‌మేకర్‌కి మాత్రం విడిగా ఒక సాకెట్టు పెట్టించు. ఇంట్లో ఫ్యాన్లు, బల్బులు అదే ఇన్వర్టరు మీద ఉంటే ఈ లెక్క పనిచెయ్యదు, కాబట్టి ట్యాంకుకి వేరే చిన్న బ్యాటరీ ఉంటే ఇంకా మంచిది. దానికి తోడు బ్యాటరీతో నడిచే గాలి పంపు, ఎర చేపలకి వాడేది, ఒకటి కొని పెట్టుకో. ఆక్వా దుకాణాల్లో దొరుకుతుంది.

తుపాను హెచ్చరిక రాగానే ముందురోజు చేపలకి మేత ఆపెయ్యి. డీఐ నీళ్లు, కలిపిన ఉప్పునీళ్లు చెరో 40 లీటర్లు నింపి ఉంచు. కరెంటు వచ్చాక సంపు నీళ్లు ముందు వాసన చూసి, బాగుంటేనే రిటర్న్ వెయ్యి. ఆగిపోయిన ఫిల్టర్ స్పాంజి, కార్బన్ సంచి కుళ్లి ఉంటాయి, వాటిని తీసేశాకే పంపు తిప్పాలి.

లంకతోట

దానికి ఒకటి చేరుస్తాను. తుపాను నీళ్లు తగ్గాక దోమలు, దోమల వెనకే పంచాయతీ ఫాగింగ్. ఆ పొగలో ఉండే పైరెత్రాయిడ్ మందు రొయ్యలకీ చేపలకీ నేరుగా విషం. గాలి పంపు గదిలో ఉన్న పొగనే పీల్చి నీళ్లలోకి ఊదుతుంది, స్కిమ్మర్ కూడా అంతే. బండి చప్పుడు వినబడగానే కిటికీలు మూసి, గాలి పంపు, స్కిమ్మర్ ఆపి, ట్యాంకు మీద తడిగుడ్డ కప్పండి, వేవ్‌మేకర్ మాత్రం తిరగనివ్వండి. గంట తర్వాత తలుపులు తీసి గది గాలాడాకే మళ్లీ వెయ్యండి. ఇంట్లో దోమల స్ప్రే కూడా ఆ గదిలో కొట్టొద్దు, ట్యాంకు ఉన్న గదికి కిటికీ మెష్ బిగించుకోండి.

అమలాపురం అల

మెష్ రేపే బిగిస్తాం. తణుకు గారూ, ముక్క తప్పకుండా ఇస్తాను, దసరాల దాకా ఆగండి. ఈలోపు గ్రీన్ స్టార్ కావాలంటే ఇప్పుడే తీసుకెళ్లొచ్చు, అది అద్దం కూడా ఎక్కేస్తోంది.